పన్నెండోవాడు

పోయిన జూన్‌లో మా అమ్మాయి స్కూలు నుంచి ఒక ఫారం వచ్చింది. నాలుగో తరగతి చదువుతోంది. ఈ ఏడాది నుంచి ఆటల్ని ‘సీరియస్‌గా’ తీసుకుంటారట. పేరు, బ్లడ్ గ్రూపు, అలర్జీలు, టీషర్టు సైజు అన్నీ అయ్యాక చివర్లో ఒక ప్రశ్న: ఆటల్లో మీ బిడ్డ విషయంలో మీ లక్ష్యం ఏమిటి? పక్కన మూడు గడులు. ఆరోగ్యం, పోటీలు, కెరీర్. ఒక్కదానికే టిక్కు పెట్టాలి.

ఆఫీసులో మూడు నెలలకోసారి నేను చేసే పని ఇదే. టీముకి ఓకేఆర్‌లు రాస్తాను. లక్ష్యం ఒక వాక్యంలో ఉండాలి, దాని కింద ఫలితాలు అంకెల్లో ఉండాలి, ఎవరి పేరు మీద ఏది ఉందో తెలియాలి. జూనియర్లకి ఇది పాఠం చెప్పినట్టు చెప్తాను కూడా. అలాంటి నేను ఆ మూడు గడుల ముందు పెన్ను పట్టుకుని ఆగిపోయాను. ఫారం రెండు వారాలు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండిపోయింది. మా ఆవిడ రెండుసార్లు గుర్తు చేసింది. మూడోసారి ఊరుకుంది, అది ఇంకా ప్రమాదం.

ఎందుకు ఆగానో చెప్పాలంటే ఎనిమిదో తరగతికి వెళ్ళాలి.

మా ఊరి హైస్కూల్లో కబడ్డీ టీము పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. పన్నెండు పేర్లు. పన్నెండోది నాది. కబడ్డీలో కోర్టులో దిగేది ఏడుగురు, మిగతా ఐదుగురు బయట కూర్చుంటారు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ పద్నాలుగేళ్ళ వాడికి నోటీసు బోర్డు మీద పేరు అంటే పేరే, వరస నంబరు కాదు. మూడు నెలలు పొద్దున్నే ఐదింటికి లేచి గ్రౌండుకి పరిగెత్తాను. నాకోసం అమ్మ ఇంకో అరగంట ముందు లేచి పాలు కాచేది. నాన్న జీతం రోజున మోకాళ్ళకి నీ-క్యాప్‌లు కొనుక్కొచ్చాడు.

పోటీల్లో మూడు మ్యాచులు ఆడాం. ‘ఆడాం’ అంటున్నాను చూశారా. నేను మిగతావాళ్ళ వాచీలు, చెప్పులు కాపలా కాశాను. ఆఖరి మ్యాచ్‌లో చిత్తుగా ఓడిపోతున్నాం, ఇక పోయేదేమీ లేదు, ఇప్పుడైనా పిలుస్తారేమో అని నీ-క్యాప్‌లు పైకి లాక్కుని డ్రిల్లు మాస్టారి మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. పిలవలేదు. తిరుగు బస్సులో నాకు ఇంకో అరటిపండు ఎక్కువ ఇచ్చి, “నువ్వు మంచోడివిరా” అన్నారు. చాలా రోజుల తర్వాత తెలిసింది. ఎంట్రీ ఫారంలో పన్నెండు పేర్లు నింపాలి, నా చేతిరాత బాగుంటుంది, ఆ ఫారాలన్నీ రాసింది నేనే. ఎంపిక అంతే.

ఆడించనందుకు నాకు బాధ లేదు. నా కూత మూడో అడుగుకే తెగిపోయేది, నేనే మాస్టారినైతే నన్ను తీసుకునేవాణ్ణి కాదు. బాధల్లా ఆయన చెప్పనందుకు. “ఒరేయ్, నువ్వు ఆడవు. కానీ ప్రాక్టీసుకి పన్నెండుమంది కావాలి, వస్తావా?” అని అడిగి ఉంటే, వచ్చేవాణ్ణి. ప్రమాణపూర్తిగా వచ్చేవాణ్ణి. అప్పుడు నేను వెళ్ళి ఉండేది ఒప్పుకుని. వెళ్ళింది మాత్రం ఆశపడి.

ఆయన అబద్ధం ఆడారా? ఒక్క మాట కూడా ఆడలేదు. ఇక్కడే నాకు చిక్కు. ఎదుటివాడు తప్పుగా ఆశపడుతున్నాడని తెలిసి, ఆ ఆశ మనకి పనికొస్తుంది కాబట్టి ఊరుకోవడాన్ని ఏమనాలి? పెద్దవాళ్ళ మధ్య దాన్ని వ్యాపారం అనుకోవచ్చు. నోటీసు పీరియడ్‌లో ఉన్నవాడితో ‘ప్రమోషన్ చూద్దాం’ అనే మేనేజర్లని మనందరం చూశాం. కానీ పిల్లవాడికి ఆ మౌనాన్ని చదివే అక్షరాలు ఇంకా రాలేదు కదా. కాంట్ మనిషిని కేవలం సాధనంగా వాడుకోవద్దన్నాడని చదువుకున్నప్పుడు నాకు గుర్తొచ్చినవి ఆ నీ-క్యాప్‌లే.

కాబట్టి స్కూలు ఆటల్లో స్పష్టత ఉండాలి అనేవాళ్ళ పక్షాన నేను ఎప్పుడో చేరిపోయాను. మరి ఆ గడిలో టిక్కు ఎందుకు పెట్టలేకపోయాను?

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ‘ది గ్రాస్‌హాపర్’ అనే చిన్న పుస్తకం రాశాడు. ఆట అంటే అక్కర్లేని అడ్డంకుల్ని మనంతట మనమే పెట్టుకుని వాటిని దాటే ప్రయత్నం అని స్థూలంగా ఆయన వాదన. కబడ్డీకి ఇది అతికినట్టు సరిపోతుంది. అవతలి పక్కకి వెళ్ళి ఒకణ్ణి ముట్టుకుని రావడానికి ఊపిరి బిగబట్టక్కర్లేదు. హాయిగా గాలి పీల్చుకుంటూ వెళ్ళి రావచ్చు. కూత అనే ఆ అక్కర్లేని ఇబ్బందిని మనం కోరి తెచ్చుకున్నాం కాబట్టే అది ఆట అయింది. సి. థీ నుయెన్ 2020లో వచ్చిన ‘గేమ్స్: ఏజెన్సీ యాజ్ ఆర్ట్’లో దీన్ని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్ళాడు. ఆటలో లక్ష్యం వేరు, మనం ఆడే ఉద్దేశం వేరు అంటాడు. అష్టాచెమ్మా వేసేటప్పుడు లక్ష్యం గెలుపే. గెలవాలని నిజంగా అనుకోకపోతే ఆట రక్తి కట్టదు. కానీ సెలవుల్లో అమ్మమ్మతో కూర్చున్న ఉద్దేశం గెలుపు కాదు.

స్కూలు ఫారం అడిగేది ఈ రెండోదాన్నే, కానీ మొదటి దాని భాషలో. ఉద్దేశాన్ని గడిలో పెట్టగానే అది లక్ష్యంలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. నా వృత్తిలో ఇది రోజూ చూస్తాను. కొలత లక్ష్యంగా మారితే ఇక మంచి కొలతగా మిగలదని చెప్పే మాటకి గుడ్‌హార్ట్ సూత్రమని పేరు. బగ్గులు ఎన్ని మూశారో లెక్కపెడితే బగ్గులు మూతపడతాయి, సాఫ్ట్‌వేర్ బాగుపడదు. నా స్నేహితుడి కొడుకు పదకొండేళ్ళకి షటిల్ ర్యాంకుల పట్టికలో ఉన్నాడు. పదమూడేళ్ళకి మోకాలు పోయింది. డాక్టరు మళ్ళీ ఆడుకోవచ్చన్నాక కూడా వాడు రాకెట్టు ముట్టలేదు. “ర్యాంకు లేకుండా ఎందుకు అంకుల్?” అని నన్నే అడిగాడు. నేనేం చెప్పను.

నార్వేలో 1987 నుంచి పిల్లల క్రీడలకి ప్రత్యేక నియమాలున్నాయి. పదకొండో ఏడు వచ్చేదాకా ర్యాంకులు, ఫలితాల పట్టికలు ఉండకూడదు. పదమూడు లోపు జాతీయ చాంపియన్‌షిప్పులు ఉండవు. అదే నార్వే 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలు గెలిచింది, అప్పటికి అది రికార్డు. చూశారా, లెక్కలు వద్దన్న దేశాన్ని మెచ్చుకోవడానికి కూడా నేను పతకాలే లెక్కపెట్టాను.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఆడుకోనివ్వండి పిల్లల్ని, లక్ష్యాలు వద్దు అని. కానీ మాలావత్ పూర్ణ అడ్డం వస్తుంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, సాంఘిక సంక్షేమ గురుకులం. 2014 మే 25న, తెలంగాణ ఏర్పడడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, ఎవరెస్ట్ ఎక్కింది. పద్నాలుగేళ్ళు ఇంకా నిండలేదు. తోడు ఖమ్మం నుంచి వచ్చిన ఆనంద్ కుమార్. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ అది. అక్కడ లక్ష్యం ఎంత స్పష్టమంటే, దానికి ఎత్తు కూడా ఉంది: 8,848 మీటర్లు. “నీ ఆనందం కోసం ఎక్కమ్మా, శిఖరం ముఖ్యం కాదు” అని ఎవరైనా ఆ అమ్మాయితో అని ఉంటే, అది తత్వం అవునో కాదో గానీ మోసం మాత్రం అయ్యేది. ఇదివరకు ఎవరూ ఏమీ ఆశించని పిల్లల దగ్గర ఇంత పెద్దది ఆశించడం కూడా గౌరవమే. అదే సమయంలో, అంత చిన్న వయసులో అంత ప్రమాదానికి పిల్లల్ని పంపొచ్చా అనే ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. రెండూ ఒకేసారి నిజమనిపిస్తాయి, ఏం చెయ్యను.

2025 మొదట్లో పుల్లెల గోపీచంద్, డబ్బున్నవాళ్ళు కాకపోతే పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దనే అర్థం వచ్చేలా మాట్లాడారు. చాలామందికి కోపం వచ్చింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, సైనానీ సింధునీ తీర్చిదిద్దినాయన ఇలా అనొచ్చా అని. నాకైతే ఆ మాట వినగానే మా డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. ఈయన చెప్పింది, ఆయన చెప్పనిది ఒకటే. ఎంతమంది ఆడతారు, ఎంతమంది చెప్పులు కాస్తారు అన్నది. మాట చేదుగా ఉంది, కానీ పొద్దున్నే లేచి పాలు కాచే ఏ అమ్మకైనా ముందుగా తెలియాల్సిన మాట.

అప్పుడు నాకు ఫారం తిరగేసి ఉందని తోచింది. లక్ష్యం ఏమిటో చెప్పాల్సింది నేను కాదు, స్కూలు. ఎలా ఎంపిక చేస్తారు, ఎంపిక కానివాళ్ళకి ఎవరు ఎప్పుడు చెప్తారు, లెక్కల సిలబస్ అవలేదని ఆటల పీరియడ్ ఎన్నిసార్లు లాక్కుంటారు, దెబ్బ తగిలితే ఏం చేస్తారు. ఇవి వాళ్ళు ఎంత స్పష్టంగా రాసిస్తే అంత మంచిది. పిల్లకి ఏం కావాలో మాత్రం పిల్ల చెప్పాలి, రేపు మార్చుకునే హక్కుతో సహా.

అడిగాను. “నీకు ఫుట్‌బాల్ ఎందుకే?”

“గోల్‌కీపర్‌కి గ్లవ్స్ ఇస్తారు నాన్నా.”

మూడు గడులూ ఖాళీగా వదిలేసి, కింద ఉన్న జాగాలో రాశాను: టీములో పేరున్న ప్రతి పిల్లా ఒక మ్యాచ్‌లో కనీసం ఎన్ని నిమిషాలు ఆడుతుంది? మా ఆవిడ చదివి, “కోచ్‌కి నీమీద మంట పుట్టడం ఖాయం” అంది. ఫారం పంపించింది మాత్రం తనే.

నాలుగు రోజులకి కోచ్ ఫోన్ చేశాడు. పాతికేళ్ళు ఉంటాయేమో, గొంతు చాలా మర్యాదగా ఉంది.

“సార్, మేం ఎవర్నీ కూర్చోబెట్టం సార్. అందరూ ఆడతారు.”

“మంచిది బాబూ.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “టోర్నమెంట్ అయితే తప్ప సార్.”

“ఆ మాట పిల్లలకి చెప్పారా?”

“లేదు సార్,” అన్నాడు. “సోమవారం చెప్తాను.”

ఇవాళ ఆదివారం. గ్లవ్స్ స్కూల్లో ఇవ్వరట, మనమే కొనుక్కోవాలట. బయల్దేరుతున్నాం.