సర్వేకు పోయే మనవడికి నాలుగు మాటలు



ఆదోనిలో డిగ్రీ అయిపోయినాక సర్వే కంపెనీలో పని దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చేతికి ట్యాబ్ ఇచ్చి కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు మండలాల్లో ఊరూరా తిరగమన్నారట. మంత్రులు, ఎమ్మెల్యే, కలెక్టరు, తహసీల్దారు పనితీరు మీద జనం ఏమనుకుంటున్నారో రాసుకుని రమ్మన్నారట. సంతోషం నాయనా. దీన్ని చిన్న పని అనుకోవద్దు. నువ్వు రాసుకొచ్చే జవాబులన్నీ కలిసి పైన ఎవరి బల్ల మీదో ఒక అంకె అవుతాయి. ఆ అంకె చూసి ఒకరికి టికెట్ ఇస్తారు, ఇంకొకరిని బదిలీ చేస్తారు. బడిపంతులుగా జనగణనకు, ఓటర్ల జాబితాకు ఈ వాకిళ్ళన్నీ తిరిగినవాణ్ణి గనక నీకు నాలుగు మాటలు చెప్పే చనువు నాకుంది. విని పో.

ఈ సర్వేల పెత్తనం మన రాష్ట్రంలో ఎంత దూరం వచ్చిందో నీకూ తెలుసు. 2022 మేలో వైసీపీ సర్కారు ‘గడప గడపకు మన ప్రభుత్వం’ మొదలుపెట్టినప్పటి నుంచి ఎవరి నోట విన్నా ‘ఎమ్మెల్యే గ్రాఫ్’ అనే మాటే. గ్రాఫ్ బాగా లేదని చాలా చోట్ల అభ్యర్థులను మార్చినారు. అవతల తెలుగుదేశం వాళ్ళు ఐవీఆర్‌ఎస్ ఫోన్లు చేసి, ఫలానా అభ్యర్థి కావాలంటే ఒకటి నొక్కండి, వద్దంటే రెండు నొక్కండి అని అడిగినారు. ఇప్పుడు పింఛను ఇంటికొచ్చి ఇచ్చినారా, సిబ్బంది మర్యాదగా మాట్లాడినారా అని కూడా ఫోన్‌లోనే అడుగుతున్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినోళ్ళకు ఫోన్ చేసి, సమస్య తీరిందా, తృప్తిగా ఉందా అని కనుక్కుంటున్నారు. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఫైళ్ళు ఎంత త్వరగా కదిలిస్తున్నారో లెక్క తీసి మంత్రులకు ర్యాంకులు ఇచ్చినారు. మన పక్క నంద్యాల మంత్రి ఫరూక్‌కు మొదటి ర్యాంకు, ముఖ్యమంత్రికి ఆరో ర్యాంకు వచ్చినాయి. ఫైలు ఎన్ని రోజులు ఆగిందో కంప్యూటర్ చెప్పగలదు. ఆ ఫైలు కోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషి మనసులో ఏముందో మాత్రం ఇంకొక మనిషే పోయి అడిగి తేవాల. నీ పనికి ఉన్న విలువ అదే.

నేను చెప్పదలిచింది ముఖ్యంగా ఒకటే. సులువుగా దొరికేవాడితో ఆగిపోవద్దు. దొరకనివాడి దగ్గరికి పో. నువ్వు తెచ్చే అంకె నిజమా అబద్ధమా అనేది అక్కడే తేలుతుంది.

దీనికి అమెరికాలో జరిగిన ముచ్చటొకటి చెప్తా. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి ఉత్తరాలు పంపింది. 23 లక్షల మందికి పైగా జవాబు రాసినారు. పోటీలో ఉన్న లాండన్ అనే ఆయన గెలుస్తాడని ఆ పత్రిక చాటింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కే వచ్చినాయి. ఎందుకు తప్పిందంటే, చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్లున్నవాళ్ళ జాబితాల నుంచి తీసుకున్నారు. తిండికి కరువైన కాలంలో ఫోనూ కారూ ఉన్నోళ్ళెవరు? పైగా ఉత్తరం అందుకున్నోళ్ళలో నాలుగో వంతు మందే తిరిగి రాసినారు. ఊరుకున్నవాళ్ళ మాట లెక్కలోకే రాలేదు. అదే ఏడాది జార్జి గాలప్ అనే ఆయన అంతకంటే చాలా తక్కువ మందిని అడిగి, అన్ని రకాల వాళ్ళనూ కలుపుకుని, సరిగ్గా చెప్పినాడు. ఎవరికైనా సమానంగా అవకాశం వచ్చేట్టు ఎంచుకుంటే వెయ్యి మంది మాటతోనే మూడు శాతం అటూ ఇటూగా నిజం దగ్గరికి పోవచ్చని లెక్కలోళ్ళు చెబుతారు. ఎంపిక వంకరైతే కోటి మందిని అడిగినా ప్రయోజనం లేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కానీ మన ఊర్లు ఒకే కుండలో ఉడకలేదు నాయనా. బోయగేరి ఒక పక్క, కురువగేరి ఒక పక్క, ఎస్సీ కాలనీ ఊరి చివర, దర్గా చుట్టూ ముస్లింల ఇళ్ళు. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్న పది మందిని అడిగితే ఆ హోటలు మాట వస్తుంది గానీ ఊరి మాట రాదు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గర వేల మంది ఒకేచోట దొరుకుతారు. గంటలో నీ శాంపిల్ అయిపోతుంది. అయితే వాళ్ళలో ఎందరో కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చినోళ్ళు. మన తహసీల్దారు గురించి వాళ్ళకేం తెలుసు?

ఇంకా ముఖ్యమైనది సుగ్గి, అంటే కూలి పనికి వలస పోవడం. మన పడమటి మండలాల్లో వానలు మొగం చాటేస్తే పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు దిక్కు పోతారు. బెంగళూరుకు బిల్డింగు పనులకు పోతారు. గేరికి గేరే తాళాలేసుంటాయి. ఇంటికాడ ముసలోళ్ళు, కొందరు పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. అప్పుడు నువ్వు సర్వేకు పోతే ఊర్లో మిగిలినోళ్ళే దొరుకుతారు: చేనుకు నీళ్ళున్నోళ్ళు, అంగడి ఉన్నోళ్ళు, జీతమొచ్చేవాళ్ళు. కడుపు చేత పట్టుకుని పోయినోళ్ళకే సర్కారుతో ఎక్కువ పని, వాళ్ళ జవాబే నీ ట్యాబ్‌లో ఉండదు. కాబట్టి తాళం చూసి పక్కింటికి పోవద్దు. ఎక్కడికి పోయినారు, ఎప్పుడొస్తారు అని అడుగు. ఆ ఇల్లు తాళమేసి ఉందని రాసి పెట్టు. మీ కంపెనీ సార్లకు ఆ మాట గట్టిగా చెప్పు. వాళ్ళు తిరిగొచ్చినాక ఇంకోసారి అడగడానికి ఒప్పించు.

ఇక వాకిలి దగ్గర ఎట్లుంటుందో విను. అరుగు మీద ముసలవ్వ కూర్చోనుంటుంది. నువ్వు ట్యాబ్ తీస్తావు. ఆ గేరి చిన్న లీడరు బండి ఆపి పక్కనే నిలబడతాడు. “ఎమ్మెల్యే ఎట్ల చేస్తుండాడవ్వా?” అంటావు. అవ్వ ఒకసారి అతని మొగం చూసి, “అందరూ దేవుళ్ళే నాయనా, ఏం లోటు లేదు” అంటుంది. నువ్వు ‘చాలా బాగుంది’ మీద నొక్కుతావు. నువ్వు రాసుకున్నది అవ్వ అభిప్రాయం కాదు, అవ్వ భయం. పింఛను పోతుందేమో, ఇంటి జాగా పట్టా ఆగుతుందేమో అని ఆమె దిగులు. ప్రభుత్వం ఏదైనా ఈ దిగులు మాత్రం పోలేదు. అప్పుడు తొందరపడొద్దు. “అవ్వా, దప్పికయితాంది, చెంబుడు నీళ్ళియ్యి” అని నిదానంగా కూర్చో. లీడరు విసిగి పోతాడు. తర్వాత పెద్ద ప్రశ్నలు పక్కన పెట్టి చిన్నవి అడుగు: పోయిన నెల పింఛను ఏ తారీఖు వచ్చింది? ఇంటికి తెచ్చిచ్చినారా, సచివాలయానికి రమ్మన్నారా? నాలుగు వేలూ చేతికొచ్చినాయా? వీధి బోరింగు చెడిపోతే ఎవరికి చెప్పినారు, ఎన్నాళ్ళకు వచ్చినారు? కంటితో చూసిన సంగతి చెప్పడానికి ఎవరూ అంతగా జంకరు. తెలుగు తడబడుతుంటే కన్నడంలో అడుగు, ఉర్దూ ఇంట్లో ఉర్దూ వచ్చినోణ్ణి వెంట తీసుకుపో. ఇంటాయన మాటే ఇంటామె మాట అనుకుని రాయొద్దు. గ్యాస్ సిలిండర్ సంగతి, రేషన్ సంగతి ఆమెకే తెలుసు.

కలెక్టరు పనితీరు ఎలా ఉందని అడిగినప్పుడు ఇంకో చిక్కుంది. ఈ ఊర్లలో కలెక్టరును కంటితో చూసినోళ్ళెందరు? జనానికి తెలిసింది వీఆర్‌ఓ, లైన్‌మన్, సచివాలయం పిల్లలు, స్టేషన్‌లో ఎస్సై. కరెంటు పోయినప్పుడు లైన్‌మన్ ఫోనెత్తకపోతే ఆ కోపమంతా కలెక్టరు మార్కుల్లో పడుతుంది. వీఆర్‌ఓ పలకరించి పని చేసి పెడితే ఆ మంచి పేరూ పైవాళ్ళకే పోతుంది. అందుకని ‘తెలియదు’ అన్నవాణ్ణి బలవంతపెట్టి బాగుందో బాగా లేదో చెప్పించొద్దు. తెలియదనేది కూడా నిజమైన జవాబే. ఒక అధికారి జనానికి అందుబాటులో లేడని అంతకంటే చక్కగా చెప్పే మాట ఇంకోటి లేదు.

మంచి పేరు, మంచి పని ఒకటి కాదని కూడా గుర్తు పెట్టుకో. తుంగభద్ర దిగువ కాలువ సంగతే చూడు. పైన అక్రమంగా పైపులేసి నీళ్ళు లాగుతుంటే వాటిని పీకించిన ఇంజినీరును పైన ఊర్లోళ్ళు తిట్టిపోస్తారు. చివరి ఆయకట్టు రైతు చేతులెత్తి మొక్కుతాడు. నువ్వు ఏ గట్టున నిలబడి అడిగితే ఆ మార్కు వస్తుంది. వెట్టిచాకిరీ పోవాలని, దళితులకు న్యాయం జరగాలని జీవితమంతా పాటుపడిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గురించి భూస్వామిని అడిగితే ఒక మాట, వెట్టి నుంచి బయటపడ్డ కూలీని అడిగితే ఇంకొక మాట వచ్చేది. అందుకే జవాబుతో పాటు, ఆ చెప్పినోడు ఎవరు, ఎందుకట్ల అన్నాడు అనేది ఒక ముక్క రాసి పెట్టు.

అడిగే రోజును బట్టి కూడా జవాబు మారుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. ఆ మర్నాడు నీళ్ళ శాఖ పెద్దల గురించి మన రైతును అడిగుంటే నిప్పులు కురిసేవి. కొద్దిరోజులకే గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో తాత్కాలిక గేటు దించి నీళ్ళు నిలిపినాక అదే రైతు చల్లబడినాడు. అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అధ్యక్షుడు జార్జ్ బుష్‌కు గాలప్ సర్వేలో 90 శాతం మద్దతు వచ్చింది. 2008లో అది 25 శాతానికి దిగింది. ఒక్కరోజు అంకె పట్టుకుని ఎవరి జాతకమూ రాయకూడదు.

సర్వేలు తప్పడం మనం కళ్ళారా చూసినాం. 2019లో మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ తన సర్వే చూపించి తెలుగుదేశానికి వంద సీట్ల వరకు వస్తాయన్నాడు, 23 వచ్చినాయి. 2024లో ఒక సర్వే వైసీపీకి 94 నుంచి 104 చెప్పింది, 11 వచ్చినాయి. అంత గాలిలో కూడా మన చుట్టుపక్కల ఏమైందో చూడు: ఎమ్మిగనూరు తెలుగుదేశానికి, ఆదోని బీజేపీకి, మనముండే మంత్రాలయం వైసీపీకి పోయినాయి. ఆనుకునున్న మూడు నియోజకవర్గాలు, మూడు పార్టీలు. రాష్ట్రమంతా ఇట్లుందిలే అని ఇంట్లో కూర్చుని ఊహించేవాడికి ఈ సంగతి తెలియదు. వాకిలి తొక్కినోడికే తెలుస్తుంది.

సర్వేలు లేని కాలంలో కూడా జనం అధికారులను తూకం వేసినారు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. మన ఆదోని సీమ ఆయన కిందే ఉండేది. శిస్తు వసూలుకు వచ్చిన కుంపిణీ దొరే గానీ, గుడారాలు వేసుకుని పొలాల వెంట తిరిగి రైతుతో నేరుగా మాట్లాడేవాడు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జులై 6న మన పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని ఈ సీమలో చెప్పుకుంటారు. ఏ ఫారం మీదా అడగకుండానే జనం ఇచ్చిన మార్కు అది. జనం గమనిస్తూనే ఉంటారు, గుర్తు పెట్టుకుంటారు. అడిగే తీరు తెలిసినోడికి మనసు విప్పి చెబుతారు.

చివరిగా మూడు సంగతులు. రోజుకు ఇన్ని శాంపిళ్ళు తేవాలని నిన్ను తరుముతారు. ఎండకు తాళలేక చెట్టు కింద కూర్చుని నీ అంతట నువ్వే ఫారాలు నింపొద్దు. నువ్వు కల్పించి రాసిన ప్రతి జవాబూ ఒక మనిషి నోరు నొక్కినట్టే. రెండోది, ఎవరేం చెప్పినారో ఇంకొకరి చెవిన వేయొద్దు, బంధువులకైనా, లీడర్లకైనా. నీ నోట జారిన మాటకు ఒక అవ్వ పింఛను కోసం భయపడాల్సి వస్తే, ఆ గేరిలో మళ్ళీ ఎవరూ నిజం చెప్పరు. మూడోది, పైనుంచి ఎవరైనా ఫోన్ చేసి ఆ ఊర్లో అంకె కొంచెం పెంచు, ఈ ఊర్లో తగ్గించు అంటే ఒప్పుకోవద్దు. దాంతో నీ పని పోతే పోనీ. ఇల్లుంది, తాత ఉన్నాడు, ఇంకో పని చూసుకుందాం. తప్పుడు అంకెను నమ్మి పైవాళ్ళు తీసుకునే నిర్ణయానికి నష్టపోయేది మాత్రం సుగ్గికి పోయిన ఇల్లు, చివరి ఆయకట్టు చేను. వాళ్ళకు ఇంకో దారి లేదు.

పొద్దున్నే బయలుదేరు, తలకు తువ్వాల చుట్టుకో, నీళ్ళసీసా మరవొద్దు. ఏ వాకిలి దగ్గరైనా ముందు పలకరించి, తర్వాతే ప్రశ్న అడుగు. అడిగినాక వాళ్ళు చెప్పిందే రాయి, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా. నీ మీద నాకు నమ్మకముంది.

దీవెనలతో,
మీ తాత,
కౌతాళం