దేవుడి మీద పది మార్కుల ప్రశ్న

ప్రభల తీర్థం గురించి ఎప్పుడు మాట్లాడినా కాలేజీలో చదివే పిల్లలు ఇంచుమించు ఒకే ప్రశ్న అడుగుతారు. "మా క్లాసులో దీన్ని ఫెస్టివల్ అంటారు, ఫోక్ ఆర్ట్ అంటారు, కల్చర్ అంటారు. మా తాతగారేమో రుద్రుడు అంటారు. పరీక్షలో ఏది రాయాలి?"

మార్కుల సంగతైతే తేలికే. సిలబస్‌లో ఏ మాట ఉంటే అది రాసేయండి. కానీ అడిగేవాళ్ల బెంగ మార్కుల గురించి కాదు. మనం చేతులెత్తి మొక్కేదాన్ని ఇంకొకరు పెన్ను పట్టుకుని "వర్ణించుము" అంటుంటే ఏదో అపచారం జరుగుతున్నట్టు అనిపిస్తుంది. నిజంగా అపచారమేనా? ఇది చిన్న ప్రశ్న కాదు, కాస్త నిదానంగా చూద్దాం.

ముందు కోనసీమ తెలియనివాళ్ల కోసం. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులోని జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు వస్తాయి. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, పుల్లేటికుర్రు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, కె.పెదపూడి. ఏకాదశ రుద్రులు ఆ రోజు అక్కడ కలుసుకుంటారని నమ్మకం. విచిత్రం ఏమిటంటే ఆ తోటలో గుడి లేదు. కొబ్బరిచెట్ల మధ్య ఖాళీ జాగా, అంతే. రుద్రులు వచ్చినప్పుడే అది క్షేత్రం. సాయంత్రం వాళ్లు వెళ్లిపోతే మళ్లీ కొబ్బరితోట.

ఇదే ప్రభల తీర్థం 2023 జనవరి 26న ఢిల్లీలో కర్తవ్య పథ్ మీద కూడా కనిపించింది. రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆ ఏడాది మన రాష్ట్ర శకటం అదే. మన జిల్లాలో టీవీల ముందు కూర్చున్నవాళ్ల సంబరం ఇంతా అంతా కాదు. అయినా ఒక తేడా చూడండి. తోటలో ప్రభ కాస్త ఒరిగితే మోసేవాళ్లకే కాదు, చూసేవాళ్లకీ గుండె ఆగినంత పనవుతుంది. ఢిల్లీలో అది చక్రాల మీద వెళ్లింది. భుజం మీద ఎవరికీ బరువు లేదు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారేమో గానీ, మన తెలుగువాళ్లు తప్ప దండం పెట్టుకున్నవాళ్లు ఉంటారనుకోను. రూపం అదే, పేరు అదే. అక్కడ కల్చర్, ఇక్కడ రుద్రుడు.

దీన్ని బట్టి కొందరు "కల్చర్ అనగానే దేవుణ్ని కిందకి దించేసినట్టే" అంటారు. నేను ఒప్పుకోను. ఆ పెరేడ్ చూసేవాళ్లలో అన్ని రాష్ట్రాలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ అక్కర్లేనివాళ్లూ ఉంటారు. వాళ్లని మొక్కమని అడగలేం, అడగకూడదు కూడా. కానీ చూడమని అడగొచ్చు. మన నమ్మకం పంచుకోనివాళ్లకి మన సంగతి చెప్పాలంటే కల్చర్ లాంటి మాట ఒకటి కావాలి. క్లాస్‌రూమ్ కూడా అలాంటి చోటే. బెంచీ మీద మీ పక్కన కూర్చున్నవాళ్లకి మీ ఇలవేల్పు ఇలవేల్పు కానక్కర్లేదు.

చిక్కు ఎక్కడంటే, మనకే ఆ ఒక్క మాట మిగిలిపోయినప్పుడు. హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో పెరిగి, రీల్స్‌లో తప్ప ప్రభ చూడని పిల్లలకి "హెరిటేజ్" అన్న మాట వచ్చు గానీ, దాని కింద నిలబడి "శరభా" అని అరిచినప్పుడు ఒళ్లు ఎలా జలదరిస్తుందో తెలీదు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, ఎవరైనా తీసుకెళ్తే కదా తెలిసేది.

ఇక రెండోవైపు చూద్దాం. చిన్నప్పటి నుంచీ తీర్థానికి వెళ్తున్న మనకి తట్టని ప్రశ్నలు క్లాసులో మేస్టారు అడుగుతారు. ప్రభ కట్టేది ఎవరు? వెదురు ఎవరిస్తారు, బట్టలెవరు తెస్తారు, ఖర్చు ఎవరిది? మోయడానికి ఎవరి భుజం చెల్లుతుంది, ఎవరిది చెల్లదు, అది ఎప్పుడైనా మారిందా? ప్రభలు పచ్చని వరిచేల మీదుగా వెళ్తాయి. నాటిన చేను తొక్కిపోతున్నా రైతు ఏమీ అనడు సరికదా, స్వామి నా చేలో అడుగు పెట్టాడని సంతోషిస్తాడు. నష్టాన్ని భాగ్యం అనుకునే ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? పుల్లేటికుర్రు స్వామి పేరు అభినవ వ్యాఘ్రేశ్వరుడు. అభినవ అంటే కొత్త. పాత వ్యాఘ్రేశ్వరుడు ఉండగా కొత్తాయన ఎందుకు రావాల్సి వచ్చింది?

ఇవన్నీ నాస్తికుల ప్రశ్నలంటారా? నాకైతే భక్తుడికే ముందు రావాల్సిన ప్రశ్నల్లా కనిపిస్తాయి. ఇష్టమైనవాళ్ల గురించి ఎంత విన్నా ఇంకా వినాలనిపిస్తుంది కదా.

అయితే ఒక ప్రశ్న దగ్గర మాత్రం అందరూ ఆగిపోతారు. "ఈ కథ నిజమా?" ర్యాలి సంగతే తీసుకోండి. ఆత్రేయపురం మండలంలో జగన్మోహినీ కేశవస్వామి. ఒకే శిలలో ముందు కేశవుడు, వెనక మోహిని. మోహిని వెంట శివుడు పరుగెత్తాడని, ఆవిడ కొప్పులోంచి పువ్వు రాలిన చోటే ర్యాలి అని స్థలపురాణం. లిటరేచర్ చదివేవాళ్లకి మోహిని అనగానే పోతన గారి అష్టమ స్కంధం గుర్తొస్తుంది. అందరికీ తెలిసిన కథ ఈ ఊళ్లోకొచ్చి కొత్తగా ఎలా స్థిరపడిందో వాళ్లు చూస్తారు. శిల్పం చదివేవాళ్లు రాతినీ, పనితనాన్నీ బట్టి కాలం కట్టాలని చూస్తారు. భాష చదివేవాళ్లు ఊరి పేరుకి ఇంకో మూలం ఏమైనా ఉందా అని వెతుకుతారు. గుళ్లో అర్చకులు దీపం పట్టి ముందు కేశవుణ్ని చూపించి, తర్వాత మనల్ని వెనక్కి తీసుకెళ్లి మోహినిని చూపిస్తారు. ఆ వెలుగులో ఆ జడ, ఆ నిలువు చూస్తూ "ఇది ఏ శతాబ్దం" అని అడిగినంత మాత్రాన దర్శనం చెడిపోదు. దర్శనం అయింది కాబట్టి శతాబ్దం అక్కర్లేదని కూడా కాదు. "నిజమా" అన్న ఒక్క మాటలో మూడు నాలుగు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి. పువ్వు ఏ తేదీన రాలిందన్నది ఒకటి. ఆ కథ ఆ ఊరివాళ్లని ఇన్ని తరాలుగా ఎలా కట్టి ఉంచిందన్నది ఇంకొకటి. ఆ మూర్తి ముందు నిలబడితే నాకు ఏమవుతోందన్నది మరొకటి. యూనివర్సిటీ మొదటి రెండూ అడగగలదు. మూడోది అడగలేదు, అది దాని పని కాదు. అడగడం లేదు కాబట్టి లేదంటోందని మనం ఉలిక్కిపడతాం. "మిథాలజీ" అంటూ కాస్త వెటకారంగా నవ్వే లెక్చరర్లు ఉంటే ఉండొచ్చు. అది ఆ మనిషి తీరు, ఆ సబ్జెక్టుని అంటే ఎలా?

పైగా ఇలా చదవడం మనకి పడమటి నుంచి వచ్చిందేమీ కాదు. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యులు రాసిన సర్వదర్శన సంగ్రహం తెరిచి చూడండి. దర్శనాలన్నిటినీ వరుసగా పరిచయం చేసే గ్రంథం. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఇంట్రడక్టరీ కోర్సే! అందులో మొదటి అధ్యాయం ఎవరిదో తెలుసా? చార్వాకులది. దేవుడూ లేడు, పరలోకమూ లేదు అన్నవాళ్లకి మొదటి పీట. తర్వాత బౌద్ధులు, జైనులు. పూర్వపక్షం అంటే ఇదేనండి. అవతలివాడి మాటని వాడు "అవును, నేను అనేది ఇదే" అని ఒప్పుకునేంత సరిగ్గా చెప్పాకే మన మాట ఎత్తాలి. వాట్సాప్‌లో మనం చేసే వాదనలు ఈ లెక్కన ఎన్ని నిలబడతాయో మీరే చూసుకోండి.

ఇక్కడ కోనసీమకే చెందిన ఇంకో సంగతి చెప్పాలి. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో దక్షిణాసియా మతాలు బోధించిన డేవిడ్ నైప్ అనే ప్రొఫెసర్ 1980 నుంచి మన గోదావరి లంక అగ్రహారాలకి వస్తూ పోతూ ఉండేవారు. వేదపండితుల పది కుటుంబాలని, నాలుగు తరాల పాటు చూసి, విని, 2015లో "వేదిక్ వాయిసెస్" అనే పుస్తకం రాశారు. ఏడేళ్ల పిల్లాడు తైత్తిరీయ సంహిత మొదలుపెట్టి, ఎనిమిది నుంచి పన్నెండేళ్లు రోజూ వల్లె వేసి నోటికి తెచ్చుకునే పద్ధతి, ఇంట్లో అగ్నులు కాపాడుకోవడం, చదువు మానేసి ఉద్యోగానికి వెళ్లిపోయిన కొడుకులు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ముఖ్యంగా ఆ ఇళ్లలోని ఆడవాళ్ల మాటలు ఉన్నాయి. యజ్ఞం పక్కన పత్ని లేకపోతే కుదరదని మనమూ వీడియోల్లో చెప్తూనే ఉంటాం. కానీ ఆవిడ రోజు ఎలా గడుస్తుందని ఎంతమందిమి అడిగాం? బయటి మనిషి కుర్చీ వేసుకుని కూర్చుని అడిగారు. ఆయన వేదం నేర్చుకోవడానికి రాలేదు, నేర్చుకున్నవాళ్లని తెలుసుకోవడానికి వచ్చారు. రెండూ వేరు. ఘనాపాఠి గారికి ఉన్నది ఆయనకి లేదు, ఆయన చూసింది ఘనాపాఠి గారికి చూసే తీరిక ఉండకపోవచ్చు.

ఇంకో మాట. చాలామందికి ఇది నచ్చకపోవచ్చు. ఆ అగ్రహారపు చదువు అందరిదీ కాదు. గురువుగారి అరుగు ఎక్కే అర్హత పుట్టుకతోనే తేలిపోయేది. క్లాస్‌రూమ్‌లో ఆ అడ్డు లేదు. అడ్మిషన్ వచ్చిన ప్రతివాళ్లూ పురుషసూక్తం మీద ప్రశ్న అడగొచ్చు. ఇది దేవుడికి జరిగిన అవమానమో, ఆలస్యంగా తెరుచుకున్న తలుపో మనస్సాక్షిని అడిగి చెప్పండి.

రాజోలు వైపు మామిడికుదురులో 1911లో ఒక దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న గారి పేరు వినే ఉంటారు. 1975లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన "రాగవాసిష్ఠం" అని ఒక నాటకం రాశారు. అరుంధతీ వసిష్ఠుల కథ. పెళ్లిలో మనకి చూపించే నక్షత్రం ఉందే, ఆ అరుంధతి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో తక్కువ కులంలో పుట్టిన అక్షమాల వసిష్ఠుణ్ని చేరి పూజ్యురాలైందని ఉంది. ఆ అక్షమాలే అరుంధతి అని వ్యాఖ్యాతలు చెప్తారు. అంటే పురోహితుడు ఆకాశం వైపు వేలు పెట్టి ప్రతి జంటకీ ఆదర్శంగా చూపించేది ఎవరినో ఒకసారి ఆలోచించండి. ఎన్ని పెళ్లిళ్లకి వెళ్లాం, ఎన్ని ఫొటోలు దిగాం, ఈ సంగతి ఎవరైనా చెప్పారా? గుళ్లో వినలేదు, పెళ్లిపందిట్లో వినలేదు. తెలుగు సాహిత్యం క్లాసులో వినే అవకాశమైనా ఉంది. విన్నాక నాకు ఆ నక్షత్రం మీద భక్తి తగ్గలేదు. పందిట్లో ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారో మాత్రం కంటికి కనిపించడం మొదలైంది.

మరి అసలు అపచారం ఎక్కడుంది? నన్నడిగితే జిరాక్స్ షాపులో ఉంది. ఏఐసీటీఈ 2018 మోడల్ కరిక్యులమ్‌లో బీటెక్ వాళ్లకి "ఎసెన్స్ ఆఫ్ ఇండియన్ ట్రెడిషనల్ నాలెడ్జ్" అని ఒక కోర్సు పెట్టారు. తప్పనిసరి, కానీ సున్నా క్రెడిట్లు. సున్నా అనగానే అందరికీ విషయం అర్థమైపోయింది. పరీక్ష ముందురోజు పది పేజీల నోట్సు, నాలుగు వేదాల పేర్లు, ఆరు దర్శనాల పేర్లు, హాల్లోంచి బయటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు. ప్రశ్నా లేదు, ప్రేమా లేదు. చార్వాకుడు కూడా వేదాన్ని ఇంత నిర్లక్ష్యం చెయ్యలేదు, కనీసం కూర్చుని దెబ్బలాడాడు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మన ఆంధ్రా యూనివర్సిటీకి 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్. ఆయన అధ్యక్షతన వేసిన యూనివర్సిటీ విద్యా కమిషన్ 1949లోనే దీనికో దారి చెప్పింది. డిగ్రీ మొదటి ఏడాది బుద్ధుడు, సోక్రటీసు, ఏసు, శంకరులు, మహమ్మద్, కబీరు, నానక్ లాంటి మహనీయుల జీవితాలు, రెండో ఏడాది లోకంలోని మతగ్రంథాల నుంచి ఎంచిన భాగాలు, మూడో ఏడాది మతం గురించిన తాత్త్విక ప్రశ్నలు. ముందు మనుషులు, తర్వాత గ్రంథాలు, ఆ తర్వాతే వాదం. ఈ వరుస నాకు చాలా నచ్చుతుంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే సంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. అయితే మతాల గురించి చదవడం వేరని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది. అంటే చట్టం అడ్డం లేదు. అడ్డమల్లా మన బద్ధకమే.

కాబట్టి పరీక్షలో ఏది రాయాలన్న మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. రెండూ రాయండి, ఏది ఎవరి మాటో చెప్పి రాయండి. "భక్తులు ఏకాదశ రుద్రులుగా కొలుస్తారు" అని ఒక వాక్యం. వెదురు, బట్టలు, భుజాలు, వరిచేలు, పదకొండు ఊళ్ల మధ్య పెద్దరికాలు, వీటి గురించి మిగతా పేజీ. మీరు భక్తులేనని ఆ కాగితం మీద నిరూపించుకోనక్కర్లేదు, దాచుకోనూ అక్కర్లేదు.

ఈసారి కనుమకి కోనసీమ వచ్చేవాళ్లు ఒక పని చెయ్యండి. ప్రభ తీర్థానికి వచ్చేదాకా ఆగకుండా రెండు మూడు రోజుల ముందే ఏదో ఒక ఊరు వెళ్లి, కట్టేవాళ్ల దగ్గర కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి, పెద్దాయన ఎవరైనా ఉంటే "తాతగారూ, మీ చిన్నప్పుడు ఎలా కట్టేవారండి?" అని అడగండి. ఆయ్, మనవాళ్లు మాట్లాడ్డం మొదలుపెడితే ఆపరు. కనుమ నాడు మాత్రం గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశిక దాటే వేళకి ఒడ్డున నిలబడే చోటు దొరకదు. కాస్త పెందలాడే వెళ్లండి.