సహృదయుడి కోసం వేచిన కథ

పాఠకుడు దొరకని కథ వ్యర్థమేనా అన్న ప్రశ్నకు భారతీయ అలంకారశాస్త్రం ‘సహృదయుడు’ అనే భావనతో, అంటే కవి హృదయంతో తన హృదయం కలిపి చదివే రసికుడనే భావనతో, జవాబు వెతికింది. సంస్కృత నాటకకర్త భవభూతి ఉత్తరరామచరితంలో వాల్మీకి ముగింపును మార్చి సీతారాములను తిరిగి కలిపాడు. ఒకరు సృష్టించిన పాత్రలతో అభిమాని అల్లే కొత్త కథను నేడు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు గనుక, ఆ నాటకం దానికి దూరపు బంధువే. తనవంటి మనసున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు పుడతాడన్న నమ్మకాన్ని ఆ కవే మాలతీమాధవ ప్రస్తావనలో ప్రకటించాడు.

శామీర్‌పేట విద్యార్థి వసతిగృహంలోనో, మేడ్చల్ అద్దెగదిలోనో రాత్రంతా మాయాలోక కథ రాసి, 2019లో హ్యూగో పురస్కారం పొందిన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే ఆన్‌లైన్ ఫ్యాన్ ఫిక్షన్ భాండాగారంలో ఉంచే యువ రచయితకు అంత ఓపిక కష్టమే. అక్కడ లక్షల కథల నడుమ దారి చూపేవి ట్యాగులు, అంటే మూలకథ, పాత్రలు, వారి బంధం, ముందస్తు హెచ్చరికలు తెలిపే చీటీలు. ఊరూరా యక్షగానాలు ఆడే చిందు భాగవతులకు మిరాశీ హక్కు, అంటే వంశపారంపర్యంగా తమకు చెందిన ఊళ్లు ఉండడం వల్ల, మాదిగల కులపురాణమైన జాంబపురాణం ఎవరి ముందు ఆడాలో ముందే తెలిసేది. ఈ రచయితకు ఆ చీటీయే మిరాశీ.

గీత ఫలాసక్తిని వదలమంది గానీ కర్మలో నేర్పును వదలమనలేదు. కాబట్టి చీటీని నిజాయితీగా, శ్రద్ధగా రాయడం కర్మలో భాగం, చదివినవారి లెక్క ఫలం. జనాన్ని రప్పించడానికి లేని పాత్ర పేరు తగిలించడం సహృదయుడిని మోసగించడమే. చదివి కదిలినవారు మాత్రం ఆ కథ కింద ఒక్క వాక్యమైనా రాసి వెళ్లాలి.