రేవుల నడుమ యువజనులు

శ్రీరామకృష్ణులు తరచుగా చెప్పుచుండిన దృష్టాంత మొకటి భక్తు లందరకును సుపరిచితము. చెరువు ఒక్కటే, రేవులు పెక్కులు. ఒక రేవున దిగినవారు నీటిని ఒక పేరున పిలుతురు, వేరొక రేవున దిగినవారు వేరొక పేరున పిలుతురు. అందరి దప్పియు తీర్చునది ఆ నీరే. సర్వమత సామరస్యమును బోధింపవలసి వచ్చినపు డెల్ల ఈ దృష్టాంతమును చెప్పుట పరిపాటి. కాని ఇందు అంతగా గమనింపబడని ప్రశ్న యొకటి గలదు. ఒక రేవువాని మాట రెండవ రేవువానికి తెలియనపుడు, దప్పిగొన్నవాడు అడుగుచున్నది నీరే యని ఎవ్వరు చెప్పవలెను?

భోపాల్‌పట్నంలో ఇది వేదాంతచర్చ కాదు, దినదినమును ఎదురగు చిక్కు. ఈ ఊరు బస్తరు సీమకు నైఋతి కొనయం దున్నది. ఇంద్రావతిని దాటిన మహారాష్ట్ర, గోదావరిని దాటిన తెలంగాణము. రెండు నదులును భద్రకాళి యను గ్రామము కడ కలిసికొనుచున్నవి. పూర్వ మిది బస్తరు సంస్థానమునకు లోబడిన జమీందారీ. 1948లో సంస్థానము విలీనమైనది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమును, 2007లో బీజాపూర్ జిల్లాయు ఏర్పడినవి. పాలకులు మారిరే గాని ప్రజల నాలుకలు మారలేదు. అంగడిలో తెలుగు, కచేరీలో హిందీ, బస్తరు సీమ నలుమూలలను కలుపు హల్బీ, అడవిపల్లెలలో గోండి, దోర్లల ఇండ్లలో గోండియు తెలుగును పెనవైచికొనిన దోర్లీ. తెలుగువారు నీళ్ళన్నదానిని హిందీ, హల్బీ మాటలాడువారు పానీ యందురు, గోండులు ఏర్ అందురు. ఈ కడపటి మాట తెలుగు చెవికి ఏరు వలె వినబడును. అర్థమైనట్లే యుండును గాని పూర్తిగ అర్థము కాదు. ఇట్టి సగము తెలివియే ఒక్కొక్కపుడు పూర్తి అజ్ఞానము కంటె ఎక్కువ హాని చేయును.

అడవిపల్లె నుండి జ్వరముతో వచ్చిన ముసలమ్మను ఆసుపత్రి బల్లపై కూర్చుండబెట్టినపుడు వైద్యునకు హిందీ వచ్చును, నర్సునకు తెలుగు వచ్చును. అవ్వకు ఈ రెండును రావు. అపుడు నడుమ నిలుచువా రెవ్వరు? సాధారణముగ పదునారు పదునెనిమి దేండ్ల మనుమడో మనుమరాలో. వీథిలో ఆడుకొనుచు రెండు భాషలు, బడిలో మూడవది, సంతలో నాలుగవది నేర్చిన వయస్సు అది. ఆ సీమలోని పెద్దలకు అనుభవ మున్నది, ఉద్యోగులకు అధికార మున్నది. అన్ని రేవులకును దిగగల కాళ్ళు మాత్రము యువజనులవే.

2020 జనవరిలో ప్రారంభమైన మలేరియా నిర్మూలనోద్యమమున బస్తరు డివిజనులోని ఏడు జిల్లాలయందును ఇంటింటికి పోయి నెత్తురు పరీక్షించిరి. జ్వరము లేనివారిని సైతము పరీక్షింపవలసి వచ్చెను. ఏలయన లక్షణములు పైకి కనబడకయే రోగమును మోయువారు పెక్కుమంది కలరు. ఆరోగ్యముగ నున్న మనుష్యుని వేలికి సూది గ్రుచ్చవలెనన్న అతని భాషలో అతనికి నచ్చజెప్పువాడు కావలెను. బీజాపూర్ జిల్లాలో బీజాదూతీర్ అను పేర యువతీయువకులు స్వచ్ఛందముగ ముందునకు వచ్చి, పిల్లల పోషణము, ఆరోగ్యము మొదలగు విషయములలో తమ యూరివారికి తోడ్పడుచున్నారు. వీరికి జిల్లా అధికారుల ప్రోత్సాహ మున్నమాట నిజమే. కాని ఇంటి తలుపు తెరచునది అధికారుల ఉత్తరువు కాదు, ఎరిగిన గొంతు.

ఈ దినములలో నాయకత్వ శిక్షణమను మాట విరివిగ వినబడుచున్నది. మూడు దినముల శిబిరము, ముగింపున ఒక యోగ్యతాపత్రము. వానివలన కొంత మేలు కలుగక పోదు. అయినను నాయకత్వము బస్తరునకు బయటనుండి దిగుమతి కావలసిన సరకు కాదు. ఉత్తర బస్తరున మురియా గోండుల ఘోటుల్ ఇందుకు సాక్షి. దానిని గూర్చి బయటివారు వినోదముగ చెప్పుకొనిన కథలే ఎక్కువ. 1947లో వెర్రియర్ ఎల్విన్ ప్రకటించిన పెద్ద గ్రంథమును ఓపికతో చదివినవారికి మరియొక సంగతి కానవచ్చును. పెండ్లి కాని యువతీయువకులు తామే నడుపుకొను సంఘ మది. బాలురు చేలిక్‌లు, బాలికలు మోటియారీలు. వారిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పదవి, ఒక్కొక్క పని. చిన్నవారు కట్టెలు తేవలెను, తేనివారికి దండుగ. బాలికలు ముంగిలి నూడ్తురు. ఊరిలో పెండ్లి యన్న పనికి వీరే, చావన్న తోడునకు వీరే. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు ఆటపాటలతో పాటు మర్యాదయు నేర్పుదురు.

అన్నింటికంటె గమనింపదగినది మరియొకటి. పెండ్లి యైన దినమున ఆ పదవి ముగియును. నిన్నటిదాక పెద్దయై ఆజ్ఞాపించినవాడు నేడు సెలవు తీసికొని వెడలును, అతని స్థానము వేరొకనికి వచ్చును. పదవిని అంటిపెట్టుకొనకుండుటను శాస్త్రములు అనాసక్తి యని గొప్పగ వర్ణించినవి. ఆ పిల్లలకు అది వాడుక. ఘోటుల్ దోర్లలది కాదు, భోపాల్‌పట్నంలో అది యుండదు. అయినను అదే అడవిలో, ఒకే గోండు మూలము గల జనులలో పుట్టిన విద్య యది. ఆ మురియాల సీమయందే, నారాయణపూర్‌లో, స్వామి ఆత్మానందులు 1985లో రామకృష్ణ మిషన్ ఆశ్రమమును స్థాపించిరి. అబూజ్‌మాఢ్ కొండల పిల్లలు అచట చదువుకొనుచున్నారు.

రామకృష్ణ సంఘము మాత్రము పుట్టినది యువకుల చేతులలో కాదా? 1886 ఆగస్టులో శ్రీరామకృష్ణులు మహాసమాధి చెందునాటికి నరేంద్రునకు ఇరువది మూడేండ్లు. తోడివారిలో పెక్కురు ఆ యీడువారే. వరాహనగరమున ఒక పాడుపడిన ఇల్లు. దాని అద్దె గృహస్థభక్తుడైన సురేంద్రనాథ మిత్రుని చలువ. అన్నమున్న నాడు ఉప్పు లేదు. ఉప్పున్న నాడు ఉడికించిన దొండాకే కూర. నాయకుడు నరేంద్రుడే, అందు సందేహము లేదు. కాని అతడు ధ్యానమునందును శాస్త్రచర్చయందును ఒడలు మరచి యున్నపుడు ఆ ఇంటిని నిలిపినది శశి. గురుపూజ జరుపుట, వండుట, ధ్యానమున కూర్చున్నవారిని లేవదీసికొని వచ్చి అన్నము పెట్టుట, ఇవి యన్నియు అతని పనులు. ఆ శశియే 1897లో మద్రాసునకు వచ్చి దక్షిణదేశమున సంఘమునకు పునాది వేసిన రామకృష్ణానందస్వామి. నాయకుడు కాదలచినవాడు అందరకును సేవకుడు కావలెనని వివేకానందస్వామి పదే పదే చెప్పుటకు కారణము గ్రంథములలో వెదకనక్కరలేదు. వరాహనగరపు వంటయింటిలో ఆయన దానిని కన్నులార చూచి యుండెను. 1899లో కలకత్తాలో ప్లేగు వ్యాపించినపుడు సోదరి నివేదిత తానే చీపురు పట్టి సందు నూడ్చుటకు దిగెను. దానిని చూచి సిగ్గుపడిన పడుచువాండ్రు తరువాత తామే చీపుళ్ళు పట్టిరి.

అయితే యౌవన మనునది ప్రవాహము వంటిది. దానిని ఎవ్వరైనను తమ మడికి త్రిప్పుకొనగలరు. భోపాల్‌పట్నమున్న జిల్లాకు ఈ మాట చేదుగ తెలియును. అడవిలోని సాయుధదళములలోనికి ఎందరో పల్లెపిల్లలు పోయిరి. 2005లో సల్వా జుడుం తలయెత్తిన పిమ్మట అవతలిపక్షము వారును అట్టి పిల్లల చేతికే తుపాకి నిచ్చి, ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టిరి. చదువు అంతంతమాత్రము, గౌరవభృతి నెలకు 3,000 రూపాయలు. 2011 జూలై 5వ తేదీన సుప్రీంకోర్టు ఆ నియామకములు రాజ్యాంగవిరుద్ధములని తీర్పు చెప్పెను. నడుమ నలిగిన కుటుంబములు వేలకొలది గోదావరీతీరపు తెలుగునేలకు వలసపోయినవి. ఒకే యూరి యువకులు, ఒకే భాష మాటలాడువారు, రెండు ఎదురెదురు వరుసలలో నిలిచిరి. భాషలు కలిపిన పిల్లలను తుపాకులు విడదీసినవి. ఈ పాపము నెవ్వరి ఖాతాలో ఎంత వ్రాయవలెనో నిర్ణయించుట ఈ పుటల పని కాదు. కాని సేవకై ఎవ్వరును పిలువని చోట యువకుని బలము ఊరక యుండదు, పిలిచిన వాని వెంట పోవును. ధర్మబోధకులు ఇందలి తమ భాగమును కూడ తలచుకొనవలెను.

ఆ సంవత్సరములలో బీజాపూర్ జిల్లాలో వందలకొలది పాఠశాలలు మూతపడినవి. కొన్ని కూలద్రోయబడినవి. ఇటీవల వానిలో అనేకములు మరల తెరువబడినవి. తెరచినచోట్ల పెక్కింట బోధించువారు దూరమునుండి వచ్చిన ఉపాధ్యాయులు కారు, ఆయా పల్లెలలోనే పుట్టి పెరిగిన యువకులు. వారిని శిక్షాదూత లందురు. భృతి స్వల్పము. బడి యన్నది పలుచోట్ల వెదురుతడికెల పాక. 2025లో బీజాపూర్, సుక్మా జిల్లాలలో ఇట్టి శిక్షాదూతలు కొందరు పోలీసులకు వేగు చెప్పిరను అనుమానముతో మావోయిస్టుల చేతిలో హతులైరి. పలక పట్టించిన చేతికి అది ప్రతిఫలము. ఐనను బడులలో పాఠము సాగుచునే యున్నది. శిక్షాదూత ముందుగ గోండిలో పిల్లలను పలుకరించును. పిమ్మట పలకపై నీటి బొమ్మను గీచి, దానిని వారు ఇంటిలో ఏమందురో అడుగును. పిల్లలు ఏర్ అని అరతురు. అతడు దానిప్రక్క హిందీలో పానీ యని వ్రాయును.