డాబా మీది బకెట్టు

దీపావళి దగ్గర పడుతోంది. మన చెన్నైకి అసలైన వానాకాలం ఇప్పుడే. ఈశాన్య రుతుపవనాల కాలం.

ఈ ఉదయం ఒక్క మాట. ఇంట్లో నీరు నిలవనివ్వకండి.

డెంగీ దోమకు మురుగుకాలువ అక్కర్లేదు. పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీద మరిచిపోయిన బకెట్టు చాలు. కుట్టేది కూడా పగటిపూటే. పిల్లలు బడికి తయారయ్యే ఈ వేళ, మళ్లీ సాయంత్రం.

నీళ్లు పారబోస్తే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. గుడ్లు బకెట్టు గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీరు తగిలితే పొదుగుతాయి. నాకైతే ఈ సంగతి ఇంటింటికీ వెళ్లి చెప్పాలనిపిస్తుంది. పారబోయండి, పీచుతో గట్టిగా తోమండి. వారం వారం తోమండి. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం చాలు.

వీధిలో నిలిచిన నీరూ ప్రమాదమే. 2015 డిసెంబరు వరద చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ నిలిచిన నీటిలో ఎలుకల మూత్రం కలుస్తుంది. కాలికి చిన్న గాయమున్నా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకవచ్చు. దిగక తప్పకపోతే, ఇంటికి రాగానే సబ్బుతో కాళ్లు కడుక్కోండి.

జ్వరం వస్తే సొంతంగా ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వేసుకోకండి. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు మొదలైతే తెల్లారేదాకా చూడకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.