పాఠం పక్కన పెన్సిల్ తేదీలు

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. స్కూలు బ్యాండులో రెండేళ్లుగా క్లారినెట్ వాయిస్తోంది. పోయిన మే నెలలో సెలవులకి మా ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు, బీరువాలోంచి నా పాత పుస్తకం ఒకటి తీసి చేతికిచ్చాను. సిరిల్ రోజ్ 32 ఎట్యూడ్లు, అంటే సాధన పాఠాలు. అట్ట ఊడిపోతే నేనే అంటించిన ఖాకీ కాగితం, లోపల ఇంటర్ రోజుల నాటి నా సంతకం, ప్రతి పాఠం పక్కనా పెన్సిల్‌తో రెండేసి తేదీలు. మొదలుపెట్టింది ఒకటి, పూర్తయింది ఒకటి. జూన్ ఆఖర్లో ఫోన్ చేసింది.

"మావయ్యా, ఒకటో నంబరు నీకు మూడు రోజుల్లో వచ్చేసిందా? తేదీలు చూశాను. నాకు నెల దాటినా రావట్లేదు. నాకసలు వస్తుందంటావా?"

"ఎందుకు రాదమ్మా, సాధన చేస్తూ ఉండు" అని పెట్టేశాను.

ఒకటో నంబరు నేను మూడు రోజుల్లో పూర్తి చెయ్యలేదు. అసలు పూర్తే చెయ్యలేదు. ఆ తేదీ అబద్ధం. దాని కింద మూడు, అయిదు, ఏడు, ఇలా బేసి సంఖ్యల పక్కనున్న తేదీల్లో చాలావరకు అబద్ధాలే. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పిల్ల అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పుస్తకం అమరిక తెలిస్తే నేను చేసిన పని అర్థమవుతుంది. పాఠాలు జంటలుగా ఉంటాయి. బేసి సంఖ్యది నెమ్మదిగా పాడుతున్నట్టు సాగుతుంది, సరి సంఖ్యది వేళ్లను పరుగెత్తిస్తుంది. రోజ్ పారిస్ కన్సర్వేటరీలో ప్రొఫెసరు. ఈ పాఠాలు ఆయన సొంతంగా అల్లినవి కావు. ఫెర్లింగ్ అనే జర్మన్ ఓబో విద్వాంసుడు తన వాద్యం కోసం 48 పాఠాలు రాసుకుంటే, వాటిని తీసుకుని క్లారినెట్ స్థాయికి విస్తరించాడు. ఓబోకి గాలి చాలా తక్కువ పడుతుంది. అందుకేనేమో నెమ్మది పాఠాల్లో ఒక్కో వాక్యం అంత పొడుగ్గా ఉంటుంది. క్లారినెట్ పట్టుకున్నవాడు ఆ వాక్యం చివరికి చేరేసరికి గుండెలో గాలి అడుగంటిపోతుంది.

నాకు నేర్పిన మాస్టారు సికింద్రాబాద్‌లో ఉండేవారు. మిలిటరీ బ్యాండు నుంచి రిటైరయ్యారు. ఆదివారం ఉదయం పాఠం. ఆయన పద్ధతి ఒక్కటే: ముందు నెమ్మది పాఠం, అది నిలబడ్డాకే దాని జంట. ఆయన దగ్గర క్లోజే రాసిన 1843 నాటి పద్ధతి పుస్తకం తాలూకు లావుపాటి ప్రతి ఒకటి ఉండేది. ఆ క్లోజే రోజ్‌కి గురువు. ఇవాళ మనం వాయించే బోమ్ పద్ధతి క్లారినెట్‌ని వాద్యాలు తయారుచేసే బ్యూఫేతో కలిసి తీర్చిదిద్దింది కూడా ఆయనే. మాస్టారు ఆ పుస్తకాన్ని తెల్లటి టవల్లో చుట్టి ఉంచేవారు.

నేను వెళ్లేసరికి రెండో నంబరు వేళ్ల చివర సిద్ధంగా ఉండేది. "ఒకటోది చేశావా నాయనా?" అనేవారు. "చేశాను మాస్టారూ" అని తేదీ చూపించేవాణ్ని. తల ఊపేవారు. ఎప్పుడైనా "ఏదీ, విందాం" అంటే నాలుగు లైన్లు వాయించి, "రీడు చెడిపోయినట్టుంది మాస్టారూ" అనేవాణ్ని. క్లారినెట్ నేర్చుకునేవాడికి ఇంతకంటే తేలికైన సాకు లేదు. రీడు రెల్లుతో చేసిన పల్చటి చెక్క. మంచివి ఫ్రాన్స్ దక్షిణాన వార్ ప్రాంతం నుంచి వస్తాయి. మన వేసవిలో ఎండిపోయి వంకర తిరిగితే నిజంగానే పలకదు. ఆ మాట అప్పుడప్పుడూ నిజమయ్యేది కాబట్టే ప్రతిసారీ చెల్లిపోయేది. మాస్టారు తన డబ్బాలోంచి కొత్త రీడు తీసి ఇచ్చేవారు. డబ్బులు తీసుకునేవారు కాదు. అలా ఇచ్చిన రీడ్లు ఎన్నో నాకు లెక్క తెలియదు. తిరిగి ఇవ్వగలిగిన అప్పు కాదది.

ఎందుకలా చేశాను? భయం అనుకునేవాణ్ని చాలాకాలం. కానీ మాస్టారు ఏనాడూ కోప్పడలేదు, భయపడడానికి కారణమే లేదు. ఇప్పుడు కూర్చుని నిజాయితీగా తవ్వితే ఒకటే తేలుతోంది. నా నాదం నాకు నచ్చేది కాదు. వేగంగా వాయించేటప్పుడు వేళ్ల చప్పుడు, స్వరాల ఉరవడి నాదాన్ని కప్పేస్తాయి. వినేవాళ్లు అబ్బో అంటారు. నెమ్మదిగా ఒక స్వరాన్ని నాలుగు మాత్రలు పట్టి నిలిపితే మిగిలేది ఆ నాదమొక్కటే. అది వణుకుతుంది, అంచులో గాలి చప్పుడు వినిపిస్తుంది. అది నాదే అని ఒప్పుకోవాలి. నేను పారిపోయింది అక్కణ్నుంచి.

ఒక్క చోటు చెప్తాను. క్లారినెట్‌లో నడి గొంతు ‘ఎ’ స్వరానికి ఎడమ చూపుడువేలితో ఒక్క మీట నొక్కితే చాలు. గొట్టం దాదాపు ఖాళీగా ఉంటుంది, నాదం పల్చగా ఉంటుంది. దాని పక్కనే ఉన్న ‘బి’ కావాలంటే, ఒక్కసారిగా ఎనిమిది వేళ్లు పని చెయ్యాలి. రంధ్రాలన్నీ మూయాలి, బొటనవేలు రంధ్రాన్ని మూస్తూనే వెనకనున్న రిజిస్టర్ మీటను కూడా తొక్కాలి, చిటికెన వేలు కింది మీట మీద పడాలి. ఈ రెండింటి మధ్య నాదం తెగకూడదు. ఊపిరి ఆగకూడదు, దవడ బిగియకూడదు. వేగంగా వెళ్తే ఆ గతుకు ఎవరికీ పట్టదు. నెమ్మది పాఠంలో మాత్రం రోడ్డు మధ్య గుంతలా కనిపిస్తుంది. ఆ గుంత పూడ్చడానికి వారాలు పడుతుంది. నేను పక్కనుంచి బండి పోనిచ్చాను.

ఆ రోజుల్లో మా ఇంట్లోనే అక్క తెల్లవారుజామున మంద్ర సాధన చేసేది. కింది షడ్జం పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపూ నిలిచేది. సరళీ వరుసలు మొదటి కాలంలో నిలబడితే తప్ప రెండో కాలానికి వెళ్లేది కాదు. గోడకి ఇవతల పడుకుని వింటూ, అంత నెమ్మదిగా ఒకే స్వరం పాడుతుంటే విసుగు రాదా అనుకునేవాణ్ని. తన గొంతులో రోజురోజుకీ ఏం మారుతోందో వినలేదు.

ఈ దొంగతనం పాఠాల దగ్గర ఆగలేదు. పియానో తోడు లేకుండా ఒంటరి క్లారినెట్ కోసం స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 1918లో మూడు రచనలు చేశాడు. వింటర్‌తూర్‌కి చెందిన వెర్నర్ రైన్‌హార్ట్ అనే దాత ఆయన ‘సైనికుడి కథ’ ప్రదర్శనకి డబ్బిచ్చాడు. ఆ దాత సరదాగా క్లారినెట్ వాయించేవాడు. ఈ మూడూ ఆ కృతజ్ఞతకు గుర్తు. మొదటిది ఎక్కువగా మంద్రంలో, మెల్లగా, ప్రశాంతంగా నడుస్తుంది. రెండోదానికి బార్ గీతలే లేవు. మూడోది బిగ్గరగా దూకుతుంది. ఊపిరి గుర్తులూ ఒత్తులూ వేగమూ రాసినట్టే పాటించాలని స్ట్రావిన్‌స్కీ కోరాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మిత్రుల ముందు మూడోది ఒక్కటే వాయించాను. చప్పట్లు కొట్టారు. మొదటివి రెండూ ఏవని ఎవరూ అడగలేదు. అడగరని నాకు ముందే తెలుసు.

స్వరకర్త మెసియాన్ విషయంలో చేసింది ఇంకా చిన్నతనంగా తోస్తుంది. జర్మన్ల చెరలో, గోర్లిట్స్ యుద్ధ ఖైదీల శిబిరంలో, 1941 జనవరి 15న చలిలో తొలిసారి వినిపించిన ఆయన చతుష్టయంలో మూడో భాగం ఒంటరి క్లారినెట్‌ది. ‘పక్షుల అగాధం’ అని పేరు. తోటి ఖైదీ ఆంరీ అకోకా కోసం రాశాడు. అందులో ఒక స్వరం వినీ వినిపించనంత సన్నగా పుట్టి, చెవులు పట్టనంత నాదంగా పెరుగుతుంది. ఊపిరిని చివరి బొట్టు దాకా లెక్కపెట్టుకుని ఖర్చు చెయ్యాలి. ఈ కథ నేను ఎంతమందికి చెప్పానో! శిబిరం, చలి, ఖైదీలు అంటూ చెప్తున్నప్పుడు నా గొంతు కూడా గద్గదమయ్యేది. ఆ ఒక్క స్వరాన్ని నిలిపి చూద్దామని మాత్రం ఒక్క సాయంత్రమూ కూర్చోలేదు. ఆ మనుషుల కష్టాన్ని నేను ముచ్చటగా చెప్పుకోవడానికి వాడుకున్నాను. ఈ మాట రాయడానికి కష్టంగా ఉంది.

నా చేత నేను మోసపోయినంతవరకు అది నా నష్టం. ఇప్పుడలా కాదు. పద్నాలుగేళ్ల పిల్ల నా పెన్సిల్ గీతల్ని కొలబద్దగా పెట్టుకుని తనకి సంగీతం రాదేమో అనుకుంటోంది. తను నెల రోజులుగా చేస్తున్న పనే సరైన పని. దాన్ని తప్పని నమ్మించింది నేను.

వచ్చే ఆదివారం దాకా ఆగలేక శనివారం సాయంత్రమే క్లారినెట్ పెట్టె తీసుకుని అక్క వాళ్లింటికి వెళ్లాను. చాలా నెలలు మూసే ఉంది. కీళ్ల దగ్గర కార్కు ఎండిపోయింది. మేనకోడలు పుస్తకం స్టాండు మీదే ఉంచింది. పక్కన కూర్చుని, "ఈ తేదీలు నిజం కాదమ్మా. బేసి నంబర్లు నేను నేర్చుకోలేదు. మాస్టారితో అబద్ధం చెప్పాను, మొన్న నీ దగ్గరా దాచాను" అన్నాను. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఏమీ అనలేదు.

పిల్ల కాసేపు పేజీ వంకే చూసింది. తర్వాత, "అయితే ఇప్పుడు వాయించు మావయ్యా" అంది.

రీడు నాలుక మీద తడిపి బిగించాను. సాకు చెప్పడానికి లేదు, రీడు కొత్తది. మొదటి స్వరం వణికింది. ఆపలేదు. గతుకు దగ్గర నాదం తెగింది, మళ్లీ కలిపాను. పొడుగు వాక్యం సగంలో ఛాతీ ఖాళీ అయి, రాయని చోట ఊపిరి పీల్చాను. పేజీ చివరిదాకా వెళ్లాను.

తను పెన్సిల్ తీసుకుని, తేదీల జోలికి వెళ్లకుండా, నేను ఊపిరి పీల్చిన చోట చిన్న గీత పెట్టింది. ఆ పక్కనే అప్పటికే ఇంకో గీత ఉంది.

"నాకూ ఇక్కడే అయిపోతోంది" అంది.