పేదవాని కాలము

పరుల ధనమును హరించినవానిని లోకము దొంగ యనును. పరుల కాలమును హరించినవానికి మాత్రము మనము పేరు పెట్టలేదు. పోయిన ధనము మఱల చేతికి రావచ్చును. పోయిన గడియ రాదు. ఇట్లుండగా కాలహరణమును మన మేల దోషములలో చేర్చుకొనలేదు? ఈ ప్రశ్నను విచారించుటకు సికింద్రాబాదులోని యొక చిన్న రైలుస్టేషను తగిన యుదాహరణమని మాకు తోచుచున్నది.

సికింద్రాబాదు పెద్దస్టేషను విడిచి బేగంపేటవైపు పోవు నగరపురైలునకు మొదట తగులునది జేమ్స్ స్ట్రీటు స్టేషను. ఆ పేరుగల వీధి ఇప్పుడు మహాత్మాగాంధి రోడ్డు. వీధి పేరు మాఱినను స్టేషను పాతపేరుతోనే నిలచియున్నది. ఇచ్చట నాగునవి 2003 ఆగస్టు 9వ తేదీన ఆరంభమైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు. దుకాణములలో పనిచేయువారు, చిల్లర వర్తకులు, విద్యార్థులు, చిన్నజీతముల యుద్యోగులు ఇట్టి రైళ్ల నాశ్రయింతురు. వీని టిక్కెట్టు వెల స్వల్పము. సమీపమున పారడైజు మీదుగా 2017నుండి మెట్రోరైలు నడచుచున్నది; అది త్వరగా పోవును గాని దాని వెల యెక్కువ. కావున కాలమును కొనగలవాడు మెట్రో నెక్కును. కొనలేనివాడు ఇచ్చట వేచియుండును.

ఏల వేచియుండవలెను? ఈ మార్గమున నగరపురైలునకు వేఱు పట్టాలు లేవు. దూరపురైళ్లు నడచు పట్టాలమీదనే యిదియు నడువవలెను. రెండును ఒకే వేళకు వచ్చినప్పుడు దారి సామాన్యముగా దూరపురైలునకు దొరకును. నగరపురైలు సిగ్నలుకడ నిలచిపోవును. ఆలస్యమైనందున జీతము కోతపడునది రైలునకు కాదు, దాని నెక్కినవానికి.

ఈ దారి పుట్టినప్పుడే దినదినము పనికిపోవు నగరవాసి యెవరి యూహలోను లేడు. బొంబాయి మద్రాసులను కలుపు మార్గమందలి వాడినుండి సికింద్రాబాదువఱకు 1874లో నిజాముగారి ధనముతో ఇది వేయబడెను. తరువాత దీనిని నడపుటకు లండనులో కంపెనీ యేర్పడెను. దాని పేరులోనే 'గ్యారంటీడు' అను మాట యుండెను: రైలునకు లాభము వచ్చినను రాకున్నను వాటాదారుల వడ్డీకి రాజ్యపు బొక్కసము పూచీపడెనని దాని యర్థము. 1883లో చందా రైలు ఒప్పందపు షరతులను ప్రజలకు తెలుపుడని కొందఱు హిందువులును ముసల్మానులును కలసి యడిగిరి. వారిలో ముఖ్యుడును, సరోజినీనాయుడుగారి తండ్రియునగు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ఆ సంవత్సరముననే రాజ్యమునుండి వెళ్లగొట్టబడెను. వాటాదారుని ధనమునకు పూచీ దొరకెను. ప్రయాణికుని గడియకు పూచీపడినవారు నాడును లేరు, నేడును లేరు.

2020 మార్చిలో మహమ్మారి కారణముగా రైళ్లన్నియు నిలచెను. మే నెలనుండియే కొన్ని దూరపురైళ్లు మఱల కదలెను. బొంబాయిలో అత్యవసరపు పనులవారికై జూన్ నెలలో నగరపురైళ్లు నడచెను. మన నగరపురైళ్లు మాత్రము 2021 జూన్ వఱకు, అనగా పదునైదు నెలలు, కదలలేదు. రోగభయము నిజమే. అయినను ఆ భయమును లెక్కించినంత శ్రద్ధగా, బస్సులకును ఆటోలకును కూలివాడు చెల్లించిన యధికవ్యయమును ఎవరైన లెక్కించిరా?

దీనికొక సమాధానము చెప్పుదురు. దూరపురైలులో వేయిమంది కలరు; వారి ప్రయాణము వందల మైళ్లు; దాని నాపినచో వెనుకటి రైళ్లెన్నియో ఆగును; కావున అధికసంఖ్యాకుల హితమే న్యాయము. బెంథాము మతానుసారులు ఇట్లే లెక్కవేయుదురు. ఈ వాదము త్రోసివేయదగినది కాదు. ఒకనాటి యక్కఱకు ఒకరు వేచియుండుట ధర్మమే. కాని మన మీమాంసకులు కర్మములను నిత్యములనియు నైమిత్తికములనియు విభజించిరి. ఆ విభాగము నిచ్చట నన్వయించి చూడుడు. నిమిత్తము కలిగినప్పుడు వేచియుండుట ఔదార్యము. నిమిత్తమున్నను లేకున్నను ప్రతిదినము వేచియుండువాడు ఒక్కడే యైనచో దానిని ఔదార్య మనరాదు. అది వాని కులమువలె వానికి పుట్టుకతో నంటగట్టబడిన స్థితి. పైగా బెంథాము లెక్కలో సైతము ప్రతి మనుష్యుడును ఒక్కడుగా లెక్కింపబడవలెను గదా. ఈ చిన్న యాలస్యములను ఏండ్లతరబడి కూడినచో ఏ ప్రక్క బరువో చెప్పుట సులభము కాదు. కూడి చూచినవాడు మాత్రము లేడు.

ఈ దోషము రైల్వేవారిదే యని పాఠకులు నిశ్చింతగా నుండరాదు. మన యిండ్లలో అందఱును భుజించిన పిదప భుజించు కోడలు కలదు. ఆమె యెన్నడును అడుగదు గనుక ఆమెకు ఆకలి వేళ యొకటి కలదని మనము మఱచితిమి. చాకలికిని పనిమనిషికిని 'రేపు రమ్ము' అని చెప్పుట మనకెంత సులభము! ఆ రేపటిరాకకై వారు మానుకొను పని మన పద్దులో చేరదు. పెద్దమనుష్యుడు వచ్చినచో మాత్రము నిమిషమైనను నిలువబెట్టుటకు సిగ్గుపడుదుము. మనము గౌరవించునది కాలమును గాదు, కాలము గల మనుష్యుని హోదాను.

చేయవలసిన దేమి? బొంబాయిలోవలె నగరపురైళ్లకు వేఱు పట్టాలు వేయుట ఉత్తమము. అది ధనముతోను స్థలముతోను కూడిన పని. అంతవఱకు చేయదగిన దొకటి కలదు. రైలు ఎంత యాలస్యమో, ఏల యాలస్యమో, వేచియున్నవానికి నిజము చెప్పవలెను. నిజము తెలిసినవాడు వేఱుదారి వెదకుకొనును. తెలియనివాడు బల్లమీద కూర్చుండి గడియారము చూచుచుండును. ఇందులకు పట్టాలక్కఱలేదు. ఇంటిలో నైతే ఇది యింకను సులభము. కోడలిని నేడు మనతో కూర్చుండి భుజింపుమనుట, పనిమనిషి జీతము చెప్పిన దినముననే చేతికిచ్చుట మన వశములోనివే. వీనిని చేయనివాడు రైలు యాలస్యమునుగూర్చి పత్రికలకు వ్రాయుట శోభింపదు.